పల్లెలన్నీ ఒక ఫైలులోకి: గ్రామనామాల జాబితా పని ఎంతవరకు వచ్చింది

కడప జిల్లా గ్రామాల పేర్లను వాటి చివరి పదాన్ని బట్టి వర్గీకరించాలని సరదాగా మొదలుపెట్టిన పనిలో టైపింగు దాదాపుగా ముగిసింది. ఒక్కో వరుసలో ముందు ఊరి పేరు, వెంటనే కామా, ఆపైన మండలం పేరు ఉంటాయి. మిత్రుడొకరు ఇచ్చిన పాత జాబితా 'అను' అనే పేరున్న తెలుగు ఫాంటులో ఉండటం వల్ల దానిని ముందుగా యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లన్నీ అక్షరాలకు వాడే ఉమ్మడి సంకేతాలలోకి, మార్చుకున్నాను. కంటికి తెలుగుగానే కనిపించినా అది యూనికోడ్ తెలుగు కాదు కనుక, వెతికితే ఒక్క పేరూ దొరకదు.

ఇప్పుడు సాగుతున్నది, పల్లెతో ముగిసే పేర్లున్న వరుసలన్నిటినీ ఒకేసారి కత్తిరించి వేరే ఫైలులో అతికించే పని. కాపీ చేయడం కంటే కత్తిరించడమే మేలు. ఒక్కో వర్గం బయటికి పోయేకొద్దీ మూల ఫైలు తరిగిపోయి, ఎందులోనూ చేరని పేర్లు వాటంతట అవే మిగులుతాయి. అసలు ప్రతిని మాత్రం ముందే వేరుగా దాచి ఉంచుకోవాలి.

ఈ పనికి వాడుతున్న నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో సెర్చ్ మెనూలోని మార్క్ విండో తెరిచి, 'బుక్‌మార్క్ లైన్' అన్న గడిలో టిక్కు పెట్టి, వెతకవలసిన పదం ఇచ్చి 'మార్క్ ఆల్' నొక్కితే, ఆ పదమున్న ప్రతి వరుస పక్కన గుర్తు పడుతుంది. తరువాత అదే సెర్చ్ మెనూలోని బుక్‌మార్క్ విభాగంలో 'కట్ బుక్‌మార్క్డ్ లైన్స్' ఎంచుకుని, కొత్త ఫైలులో అతికిస్తే వరుసలు పాత క్రమంలోనే వస్తాయి. 'పర్జ్' గడిలో టిక్కు లేకపోతే పాత గుర్తులు చెరిగిపోవు. రెండు మూడు పదాలకు వరుసగా గుర్తులు పెట్టి అన్నిటినీ కలిపి కత్తిరించదలచినప్పుడు ఇది బాగా పనికివస్తుంది.

వెతికే పదాన్ని ఎంచుకోవడంలోనే ఉంది నేర్పంతా. ఉత్త 'పల్లె' అని ఇస్తే 'ఇడుపులపాయ, వేంపల్లె' అన్న వరుస కూడా గుర్తు వేయించుకుంటుంది. వేంపల్లె, వీరపునాయునిపల్లె మండలాలలోని ఊళ్ళన్నీ అలాగే కొట్టుకువస్తాయి. అందుకే 'పల్లె,' అని కామాతో కలిపి ఇస్తున్నాను. ఊరి పేరు వెంటే కామా వస్తుంది, మండలం పేరు తరువాత ఏమీ ఉండదు. పల్లి అని టైపు చేసినవి కూడా కావాలంటే, సెర్చ్ మోడ్‌ను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు (ఒక్క పదానికి బదులు ఒక నమూనాతో వెతికే పద్ధతికి) మార్చి '(పల్లె|పల్లి),' అని చివరి కామాతో సహా ఇస్తే సరిపోతుంది; మధ్యనున్న నిలువు గీతకు 'లేదా' అని అర్థం. 'పల్ల' తరువాత చదరపు బ్రాకెట్లలో ఎత్వాన్నీ గుడినీ మాత్రమే పెట్టినా పని జరుగుతుంది గాని, ఆ గుర్తులు బ్రాకెట్ల మీదికెక్కి చూడటానికి చికాకుగా ఉంటుంది.

ఊరుతో ముగిసే పేర్లది వేరే తంతు. చెన్నూరు, దువ్వూరు, మైదుకూరు వంటి పేర్లలో 'ఊ' అన్న అచ్చు లేదు, హల్లుకు తగిలిన కొమ్ముదీర్ఘం మాత్రమే ఉంది; యూనికోడ్‌లో ఈ రెండింటి సంకేతాలు వేరు. అందుచేత 'ఊరు,' అని వెతికితే వీటిలో ఒక్కటీ చిక్కదు, 'ూరు,' అని వెతకాలి. ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరికలో కొమ్ముదీర్ఘానికి ప్రత్యేకమైన మీట ఉన్నందున ఇది సులువు.

విమ్ అనే మరో టెక్స్ట్ ఎడిటర్ వాడేవారు, వెతికే పదంతో సరిపోలిన వరుసలన్నిటినీ గ్లోబల్ ఆదేశంతో ఫైలు చివరికి జరపవచ్చు, క్రమం చెడదు. పైకి జరిపితే మాత్రం తలకిందులుగా పేరుకుంటాయి.

ప్రతి కత్తిరింపుకు ముందూ తరువాతా కింది పట్టీలో కనిపించే వరుసల సంఖ్యను సరిచూసుకుంటున్నాను. కొత్త ఫైలు చివర సాధారణంగా ఒక ఖాళీ వరుస ఉంటుంది కనుక దానిని మినహాయించాలి. పల్లె, ఊరు, పురం వర్గాలు పూర్తయ్యాయి, పేట, పాడు, కోట, దిన్నె ఇంకా ఉన్నాయి. క్రీ.శ. 575 నాటిదిగా చెప్పే తొలి తెలుగు శాసనపు ఊరు కలమల్ల వీటిలో దేనిలోనూ ఇమడదు. దానిని 'ఇతరములు' ఫైలులోకి తోసేయడానికి మనసొప్పక, ప్రస్తుతానికి మూల ఫైలులోనే ఉంచాను.