గెలిపించిన వ్యూహకర్తకు సలహాదారు పదవి

2018 ఎండాకాలంలో, గుంటూరు జిల్లాలోని మా ఊళ్లో ఒక కుర్రాడు మా అరుగు మీద కూర్చుని మా అమ్మను అరగంటకు పైగా ప్రశ్నలడిగాడు. ఏ పార్టీ తరఫున వచ్చాడో చెప్పలేదు. పింఛను సమయానికి అందుతోందా, డ్వాక్రా అప్పు ఎంత మిగిలింది, పిల్లలను ఏ బడికి పంపుతున్నారు, ఊళ్లో పదిమందీ ఎవరి మాట వింటారు అని అడుగుతూ, ఆమె చెప్పిన ప్రతి జవాబునూ ట్యాబ్‌లో నమోదు చేసుకున్నాడు. అతను లేవబోతుంటే మా అమ్మ, "ఇవన్నీ రాసుకున్నావు గదా నాయనా, రేపు పని జరక్కపోతే నిన్నెక్కడ వెతుక్కోవాలి?" అని అడిగింది. అతను మంచినీళ్లు తాగి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

అప్పటికే పార్టీలకు ఎన్నికల వ్యూహాలు రచించే ప్రశాంత్ కిషోర్ పేరు మన రాష్ట్రంలో ఇంటింటా వినిపిస్తోంది. 2017 జూలైలో వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీ వేదిక మీద జగన్‌మోహన్ రెడ్డి ఆయనను కార్యకర్తలకు పరిచయం చేశారు. 2019లో ఆ పార్టీ 175 స్థానాలకు 151 గెలుచుకుంది. ఆ గెలుపు కారణంగా ఎన్నికల వ్యూహకర్తగానే ఆయన మనకు గుర్తుండిపోయారు. కానీ రెండు రాష్ట్రాల్లో ముఖ్యమంత్రులు ఆయనకు కేబినెట్ మంత్రి హోదాతో సలహాదారు పదవి ఇచ్చారన్న సంగతి గురించి మనం పెద్దగా మాట్లాడుకోలేదు. నాకు ఆయన గెలుపుల కంటే ఆ రెండు పదవుల కథే ముఖ్యమనిపిస్తుంది.

ఐక్యరాజ్యసమితి ప్రజారోగ్య కార్యక్రమంలో పనిచేసి స్వదేశానికి తిరిగివచ్చిన ప్రశాంత్ కిషోర్, 2014లో నరేంద్ర మోదీ ప్రచారంతో దేశమంతటా పేరు తెచ్చుకుని, మరుసటి ఏడాదే బిహార్‌లో నీతీశ్ కుమార్ పక్షాన నిలిచారు. ఆ ఎన్నికల్లో నీతీశ్ ఓటర్ల ముందు 'సాత్ నిశ్చయ్' పేరుతో ఏడు సంకల్పాలు ఉంచారు: ఇంటింటికీ కుళాయి నీరు, ప్రతి ఇంటికీ కరెంటు, మరుగుదొడ్డి, వీధికి సిమెంటు బాట, పక్కన కాలువ, ఉన్నత చదువుకు 4 లక్షల రూపాయల వరకు రుణం, ప్రభుత్వ ఉద్యోగాల్లో మహిళలకు 35 శాతం రిజర్వేషన్ వంటివి. నీతీశ్ ఉన్న మహాకూటమి 243 స్థానాలకు 178 గెలిచింది. 2016 జనవరిలో ప్రశాంత్ కిషోర్ ముఖ్యమంత్రికి సలహాదారుగా నియమితులయ్యారు; ప్రణాళికల, కార్యక్రమాల అమలు ఆయన బాధ్యత. ప్రచారంలో వాగ్దానాలకు రూపమిచ్చిన మనిషి చేతికే వాటి అమలు కూడా రావడం మన ప్రజాస్వామ్యంలో నిజంగా కొత్త ప్రయోగమని నేను అప్పట్లో ఎంతో ఆశగా చదివాను.

అయితే ఇంటింటికీ కుళాయి అన్న మాటను గోడ మీద రాయడం వేరు, ఒక వార్డులో ఆ నీళ్లు పారించడం వేరు. వార్డు కమిటీ కూర్చోవాలి, బోరు పడాలి, మోటారుకు కరెంటు రావాలి, గొట్టం పగిలితే బాగుచేసే మనిషికి నెలనెలా జీతం ముట్టాలి. ప్రచారానికి పోలింగ్ తేదీతో ముగింపు ఉంటుంది గాని, ఈ పనికి ముగింపు తేదీ లేదు. పైగా అదే 2016లో ఆయన పంజాబ్‌లోనూ, ఉత్తరప్రదేశ్‌లోనూ కాంగ్రెస్ ప్రచార బాధ్యతలు తలకెత్తుకున్నారు. పాట్నాలో సలహాదారు కనిపించడం లేదని ప్రతిపక్షం విమర్శించింది. ఆ విమర్శలో రాజకీయం ఎంత ఉన్నా, న్యాయం కూడా ఉందని నా అభిప్రాయం.

పంజాబ్ కథ మరీ చిన్నది. 2021 మార్చిలో ముఖ్యమంత్రి అమరీందర్ సింగ్ ఆయనను ఒక్క రూపాయి వేతనంతో ప్రధాన సలహాదారుగా నియమించారు. ఆగస్టులో రాజీనామా చేస్తూ, అసలు ఆ బాధ్యతలనే చేపట్టలేకపోయానని ఆయన లేఖలో రాశారు.

నా అభ్యంతరం ఒక వ్యక్తి మీద కాదు, ఆ పదవి స్వరూపం మీద. రాష్ట్ర మంత్రివర్గం శాసనసభ్యుల సంఖ్యలో 15 శాతం దాటకూడదని 2003లో 91వ సవరణ ద్వారా రాజ్యాంగంలోనే రాసుకున్నాం. మంత్రి ప్రమాణం చేస్తాడు, సభలో లేచి జవాబు చెబుతాడు, ఐదేళ్లకోసారి మా అమ్మ లాంటి వాళ్ల గడపకు వస్తాడు. కేబినెట్ హోదా ఉన్న సలహాదారుకు ఈ మూడు కట్టుబాట్లలో ఒక్కటీ లేదు. సలహా ఫలిస్తే ముఖ్యమంత్రికి పేరు వస్తుంది, బెడిసికొడితే సంతకం పెట్టిన అధికారి మీద పడుతుంది, ఆ సలహా ఇచ్చిన వ్యక్తి మాత్రం ఏ రికార్డులోనూ కనిపించడు. పదవిలో ఉంటూనే మరోచోట ఎన్నికల పని చేయడం బళ్లారి మూలాలున్న మరో వ్యూహకర్త సునీల్ కనుగోలు విషయంలోనూ జరిగింది: 2023లో కర్ణాటక ముఖ్యమంత్రికి కేబినెట్ హోదాతో సలహాదారుగా నియమితులైన ఆయన, ఆ ఏడాది చివర తెలంగాణలో కాంగ్రెస్ ఎన్నికల వ్యూహాన్ని నడిపారు. ఆ పార్టీ 119కి 64 స్థానాలు గెలిచింది. ఆ నైపుణ్యాన్ని నేను తక్కువ చేయను. కాని కర్ణాటక ప్రజలు ఇచ్చిన హోదా పొరుగు రాష్ట్రపు ఎన్నికల పనితో కలిసిపోకూడదని గట్టిగా నమ్ముతాను.

ప్రశాంత్ కిషోర్ చివరకు తానే జనం ముందుకు వెళ్లారు. 2022 అక్టోబరు 2న పశ్చిమ చంపారన్ జిల్లా భితిహర్వా నుంచి పాదయాత్ర ప్రారంభించి, రెండేళ్లకు జన్ సురాజ్ పార్టీని స్థాపించారు. 2025 నవంబరులో ఆ పార్టీ బిహార్‌లోని దాదాపు అన్ని స్థానాల్లో పోటీ చేసింది. ఆయన స్వయంగా బరిలో దిగలేదు. ఒక్క స్థానం కూడా రాలేదు. అప్పుడాయన విలేకరుల ముందుకు వచ్చి, ఓటమికి పూర్తి బాధ్యత తనదేనని చెప్పి, నడక మొదలుపెట్టిన ఆ భితిహర్వాకే వెళ్లి, గాంధీ ఆశ్రమంలో ఒక రోజంతా మౌనంగా ఉపవాసం కూర్చున్నారు.