బాబాయిని ఎందుకు ఆపేశారు?

"నేను పుట్టినప్పుడు నాన్న లోపలే ఉన్నాడు కదా! మరి బాబాయిని ఎందుకు ఆపేశారు?" లేబర్ రూమ్ తలుపు ముందు మా అమ్మాయి నిలదీసింది. తొమ్మిదేళ్ళ పిల్ల. "మగోళ్ళకి లోపలేటి పనమ్మా" అంది అమ్మమ్మ. ఆ జవాబు దానికి ఆనలేదు. డాలస్ వచ్చాక కూడా అడుగుతూనే ఉంది.

చెల్లిది తొలిచూలు, విజయనగరంలో పుట్టింటికి వచ్చి ఉంది. తెల్లారగట్ల నొప్పులు మొదలైతే అమ్మ ముందు జీలకర్ర కషాయం కాచి ఇచ్చింది. దొంగనొప్పులైతే దానికే సర్దుకుంటాయని. సర్దుకోలేదు. అయిదు నిమిషాలకొకటి, ఒక్కోటీ నిమిషం, గంటసేపు అదే వరస అని మరిది గడియారం చూసి తేల్చాక బయల్దేరాం. గర్భాశయ ద్వారం మూడు సెంటీమీటర్లే తెరుచుకుంది, నడవండి అన్నారు ఆసుపత్రిలో.

వరండాలో వాళ్ళిద్దరి నడక నేను మరిచిపోలేను. నొప్పి వచ్చినప్పుడల్లా చెల్లి అతని చొక్కా జేబు పట్టుకుని వంగిపోయేది. మధ్యాహ్నానికి జేబు కుట్లు ఓ పక్క ఊడిపోయాయి. అతను దాని నడుం కింద అరచేత్తో గట్టిగా నొక్కిపట్టి "ఇంకో ఇరవై... పది... అయిపోతోంది" అని లెక్కపెట్టేవాడు. తొలికాన్పులో ఈ దశ ఒక్కోసారి రోజంతా సాగుతుంది. అయిదు సెంటీమీటర్ల నుంచే నొప్పులు ఊపందుకున్నట్టు లెక్క అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఆ ముందరి గంటల్లోనే ఆడపిల్ల బెదిరిపోయి "కోసేయండి" అనేస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. నమ్మకమైన మనిషి చివరిదాకా పక్కనుంటే ఆ అవసరం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ప్రభుత్వాసుపత్రుల్లో తోడు మనిషిని ఉండనివ్వమని కేంద్రం 2016లోనే చెప్పింది. కాన్పు అనుభవమున్న ఆడమనిషి ఎవరైనా ఉండొచ్చు, మరుగు ఉన్నచోట భర్తనీ రానివ్వొచ్చు. ప్రైవేటులో ఒక్కోచోట ఒక్కో పద్ధతి కాబట్టి ఎనిమిదో నెలలోనే అడిగి ఉంచుకోండి.

ఇంతవరకు నాకు ఏ అనుమానమూ లేదు. ఆ రోజు లోపలికి అమ్మ వెళ్ళింది. పురుడు పోసుకున్నాక చెల్లి అంది కదా, "నడిచినంతసేపూ ఆయనే కావాలనిపించింది అక్కా. లోపల మాత్రం అమ్మే. ఆయన ముందు అలా అరవలేను."

"పిన్ని అలా అనకూడదు" అని మా అమ్మాయి మొండికేసింది. అందరికీ ఒకటే న్యాయం ఉండాలంటుంది. అలా పెంచింది నేనే. కానీ చెల్లి సిగ్గుని తప్పని నేను అనలేను. నా కాన్పుకి మావారు చెయ్యి వదల్లేదు. మానిటర్ మీద గీత లేస్తుంటే నాకన్నా ముందే "వస్తోంది, ఊపిరి తీసుకో" అనేవారు. ఆయన లేకపోతే ఆ రాత్రి గడిచేది కాదు. అయినా వీసా రాక ఆగిపోయిన అమ్మ కోసం ఏడుస్తూనే ఉన్నాను. ఇవన్నీ పడి లేచిన మనిషి నడుం మీద చెయ్యి వేసి "ఇదింతేనే తల్లీ" అంటే వినాలనిపించింది. ఈ మాట దానికి చెప్పాను.

"మరి అమ్మమ్మ ఫోన్‌లో ఉంది కదా" అంది.

ఇక్కడ చాలా ఆసుపత్రుల్లో భర్తతో పాటు ఇంకొకరినీ రానిస్తారు. దానికా రోజు వస్తే అల్లుడితో పాటు నన్నూ రమ్మంటుందో, ఫోన్‌లో ఉండమంటుందో తెలీదు. నాకు మాత్రం పక్కనే ఉండాలని ఉంది. నేనే అడగొచ్చా, అది పిలిచేదాకా ఆగాలా?