కారని కుండ

నా ఉద్యోగం వేడిని ఒక అంకె దగ్గర నిలబెట్టడం. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల ఫ్యాక్టరీల్లో పెయింట్ వేసిన బాడీలను పొడవాటి ఓవెన్‌లోంచి పంపిస్తారు. ఆ ఓవెన్లకు కంట్రోల్ ప్యానెళ్ళు కట్టి, ట్యూన్ చేసి ఇచ్చే చిన్న కంపెనీలో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. హెచ్1బి మీద వచ్చాను. గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాను కాబట్టి పొడిగిస్తూ పోతున్నారు.

సీసం నా జీవితంలోకి మళ్ళీ వచ్చింది డెట్రాయిట్ నది వల్ల. ఏప్రిల్‌లో ఈరీ సరస్సులోంచి వాలై చేపలు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కుతాయి. మా షాపులో ఒక టూల్‌మేకర్ ఉండేవాడు, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ పెద్దాయన. వచ్చిన మొదటి వసంతంలోనే నన్ను తన పడవ ఎక్కించాడు. అక్కడ ప్రవాహం జోరు. గాలం అడుగుకి దిగాలంటే 3/4 ఔన్సు, అంటే సుమారు 21 గ్రాముల జిగ్ కావాలి. కొక్కేనికి తలలాగా సీసం పోతపోస్తే అదే జిగ్. పడవను ప్రవాహంతోపాటే వదిలేసి, దారం నిట్టనిలువుగా ఉండేలా చూసుకుంటూ, జిగ్‌ని నేలకు తాకించి జానెడు లేపి మళ్ళీ దించాలి. అడుగునంతా రాళ్ళు, పాత ఇనుము. ఆ పొద్దున నేను పది జిగ్‌లు పోగొట్టాను. అన్నీ ఆయన చేతులతో పోసినవే. ఆయన ఒక్క మాట అనలేదు. డబ్బాలోంచి ఇంకొకటి తీసి ఇచ్చాడు, అంతే.

కొన్నేళ్ళు గడిచాక, వాటి బాకీ తీర్చుకోవాలని, నేనూ పోస్తానని అడిగాను.

సీసం పోత నేను చిన్నప్పుడు చూసిందే. మాది కైకలూరు పక్కన ఊరు. మా తాత విసురు వల అంచుకి సీసం గుళ్ళు కట్టుకునేవాడు. పాత సీసాన్ని ఇనుప గరిటెలో వేసి, పిడకల కుంపటి మీద పెట్టి, పైన తేలిన తెట్టు పుల్లతో పక్కకు నెట్టి, పోత పోసేవాడు. మేం పిల్లలం చుట్టూ మూగి చూసేవాళ్ళం. చల్లారిన గుళ్ళు చేతుల్లోకి తీసుకుని ఆడుకునేవాళ్ళం, ఆ చేతులతోనే అన్నం తినేవాళ్ళం. సీసం విషమని అప్పట్లో మాలో ఎవరికీ తెలియదు. తాతను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ జ్ఞాపకం ఇప్పుడు నాకు వేరేలా కనిపిస్తోంది, అందుకు చెబుతున్నాను.

ఎందుకంటే అప్పటికి మా పాపకు పది నెలలు. మేముండే చోటుకు ఫ్లింట్ అనే ఊరు గంట ప్రయాణం. 2014 ఏప్రిల్‌లో అక్కడ ఊరికిచ్చే నీళ్ళను ఫ్లింట్ నది నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు. గొట్టాలను తినెయ్యకుండా ఆ నీటిలో కలపాల్సిన మందు కలపలేదు. గొట్టాల్లోని సీసం పిల్లల ఒంట్లోకి వెళ్ళింది. మిషిగన్‌లో పిల్లలున్న ఏ ఇంట్లోనైనా సీసం అన్న మాట వింటే టెన్షన్ మొదలవుతుంది. నేను సీసం కరిగించే కుండ కొంటానంటే మా ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "పాప నేల మీద పాకుతోంది. సీసం ఇంట్లోకి రాదని మీరు మాటిస్తే నాకు చాలదు. ఎలా రాదో చూపించండి."

నేను కుండని ఎంచుకున్నది ఈ మాటను బట్టే.

చౌకగా అయిపోయే దారి పోత ఇనుము మూకుడు, గ్యాస్ పొయ్యి, గరిటె. తాత పద్ధతే. దాంట్లో వేడి ఎంతుందో తెలియదు, పైగా కరిగిన సీసాన్ని గరిటెతో అచ్చు దాకా మోయాలి. రెండోది 4 పౌండ్ల చిన్న కరెంటు కుండ. మూతి దగ్గర పెదవి ఉంటుంది, వంచి పోసుకోవచ్చు. కొత్తవాళ్ళకు అదే మంచిదని చాలామంది చెబుతారు. ఏడాదికి ముప్పై నలభై జిగ్‌లు చాలనుకునేవాళ్ళకు నేనూ అదే చెబుతాను. మూడోది అడుగున రంధ్రం ఉండే కుండ. పిడి ఎత్తితే లోపలి కడ్డీ లేచి సీసం కింద నుంచి సన్నటి ధారగా దిగుతుంది. తెట్టు ఎప్పుడూ పైనే ఉంటుంది కాబట్టి అచ్చులోకి శుభ్రమైన లోహం వెళుతుంది. మోత లేదు, ఒలకడం తక్కువ. ఇందులో 20 పౌండ్లది, 700 వాట్లది తీసుకున్నాను. నిండా నింపితే 3/4 ఔన్సు జిగ్‌లు నాలుగు వందలకు పైగా వస్తాయి. నాకు అన్ని అక్కర్లేదు. కానీ ఎక్కువ సీసం ఉంటే అచ్చు నింపిన ప్రతిసారీ వేడి పడిపోదు. ఓవెన్ల దగ్గర నేర్చుకున్న సంగతే ఇది. కొనేముందు ఇంకొకటి కొలుచుకోవాలి: రంధ్రానికీ పీటకీ మధ్య ఎంత జాగా ఉంది అనేది. జిగ్ అచ్చుకి కొక్కేలు, పిడులు ఉంటాయి. 4 అంగుళాలు లేకపోతే అచ్చు కిందకు దూరదు.

మా గ్యారేజీ ఇంటికి అతుక్కునే ఉంటుంది. అందుకని కుండ మా ఇంటికి రానేలేదు. పెద్దాయన ఇంటి వెనక ఒక పెద్ద షెడ్డు ఉంది, అందులో ఒక మూల నాకిచ్చాడు.

ఈ రకం కుండలతో ఒక చిక్కుంది, కారతాయి. మొదటి రోజే నాది నిమిషానికి ఐదారు బొట్లు వదిలింది. కడ్డీ కొసకూ రంధ్రానికీ మధ్య ఇసుక రేణువంత తెట్టు ఇరుక్కున్నా చాలు. కుండ ఖాళీ చేసి, చల్లారాక కడ్డీ తీసి, కొసకు కారు ఇంజిన్ వాల్వులు నూరే సన్న పేస్టు రాసి, దాని స్థానంలోనే పెట్టి రెండు నిమిషాలు చేత్తో తిప్పాం. రెండూ ఒకదానికొకటి నూరుకుని సరిగ్గా అతుక్కున్నాయి. కడ్డీ తల మీద బరువైన నట్టు ఒకటి బిగించాం, దాని బరువుకి కడ్డీ గట్టిగా కూర్చుంటుంది. ఇక అసలు మందు ఏమిటంటే, తుక్కు సీసాన్ని ఈ కుండలో వెయ్యకపోవడం. టైర్ల బరువులు (కారు చక్రం ఊగకుండా అంచుకు తగిలించే ముక్కలు), పాత ముక్కలు అన్నీ వేరే ఇనుప మూకుడులో కరిగించి, కాస్త మైనం వేసి కలిపి, తెట్టు తీసి, దిమ్మెలుగా పోసుకున్నాకే ఇందులోకి. దిమ్మెలు ఇడ్లీల్లా ఉంటాయి. వంటింటి సామాన్లు మాత్రం ఈ పనికి తీసుకోకూడదు, తీసుకుంటే మళ్ళీ వంటింట్లోకి పోకూడదు.

టైర్ల బరువుల్లో జింకువి కూడా కలిసి వస్తాయి. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జింకు 419 దగ్గర. వేడి 370 దాటనివ్వకపోతే జింకు ముక్కలు కరగకుండా పైకి తేలతాయి, ఏరి పారేయొచ్చు. కరిగి కలిసిందంటే కుండంతా ఉండలు కట్టిన జావలా అయిపోతుంది, అచ్చులోకి దిగదు.

పోసే కుండనూ 370 దగ్గరే పట్టి ఉంచాలనుకున్నాను. అది కుండతో వచ్చిన థర్మోస్టాట్ వల్ల కాదు. దాని డయల్ మీద అంకెలు ఉంటాయి గానీ అవి డిగ్రీలు కావు. నేను వేడి కొలిచే తీగ పెట్టి చూస్తే ఇరవై ముప్పై డిగ్రీలు పైకీ కిందకీ ఊగుతోంది. రోజంతా ఇతరుల ఓవెన్లకు చేసే పనే ఇక్కడా చేశాను. పీఐడీ కంట్రోలరు (వేడి ఎంతుందో చూసి హీటర్‌కి కరెంటు పెంచీ తగ్గించీ నడిపే డబ్బా), కె టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ), సాలిడ్ స్టేట్ రిలే (కంట్రోలరు చెప్పినట్టు హీటర్‌ని వేసి ఆపే స్విచ్), దాన్ని చల్లబరిచే అల్యూమినియం హీట్‌సింక్, ఫ్యూజు, ఎర్త్ వైరు. ఎర్త్ వైరు కుండ ఒంటికి గట్టిగా బిగించాలి, అది మరిచిపోతే మిగతాదంతా వృథా. ట్యూనింగ్ చేసేటప్పుడు కుండ నిండుగా ఉండాలి, పోసే వేడికి దగ్గరగా ఉండాలి.

మొదటిసారి స్విచ్ వేసినప్పుడు తప్పు చేశాను. జనవరి, షెడ్డులో చలి. కుండ వేడెక్కుతున్నకొద్దీ తెర మీద అంకె తగ్గుతూ పోయింది. సున్నా కిందకు దిగింది. కంట్రోలరేమో ఇంకా చల్లగా ఉందనుకుని హీటర్‌కి కరెంటు పంపుతూనే ఉంది. ప్లగ్గు పీకేశాను. థర్మోకపుల్ తీగలు తారుమారు చేశాను. ఎరుపు అంటే ప్లస్ అని చెయ్యికి అలవాటు. కానీ అమెరికా పద్ధతిలో థర్మోకపుల్‌కి ఎరుపే మైనస్, కె టైప్‌లో పసుపు ప్లస్. ఆఫీసులో వందసార్లు సరిగ్గా కలిపిన తీగలే. అయినా చలిలో, తొందరలో చెయ్యి పాతదారి పట్టింది. నేను అక్కడే నిలబడి ఉండకపోతే ఏమయ్యేదో అనే ఆలోచన ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

దాంతో ఇంకో మార్పు చేశాను. సాలిడ్ స్టేట్ రిలే చెడిపోతే చాలాసార్లు ఆన్ అయిన స్థితిలోనే ఉండిపోతుంది, అంటే హీటర్ ఆగదు. అందుకని కుండలోని పాత థర్మోస్టాట్‌ని తీసెయ్యకుండా వరసలోనే ఉంచి, పనిచేసే వేడికి కాస్త పైన తిప్పి పెట్టాను. కంట్రోలర్ చేయి వదిలేసినా అది కరెంటు తెంపేస్తుంది. నెట్‌లో చాలామంది దాన్ని పీకేయమంటారు. దయచేసి పీకకండి.

తేమ గురించి పెద్దాయన ఎప్పుడూ ఒకేమాట అనేవాడు: బయట నుంచి తెచ్చిన దిమ్మె నేరుగా కుండలో వెయ్యకు. చలి నుంచి లోపలికి తెచ్చిన దిమ్మెకి చెమట పడుతుంది. ఆ నీటి చుక్క కరిగిన సీసం కింద ఆవిరైతే 1,600 రెట్లకు పైగా ఉబ్బి, కుండలో ఉన్నది మన ముఖం మీదకు చిమ్ముతుంది. దిమ్మెను కుండ అంచు మీద పెట్టి వేడెక్కాకే జారవిడవాలి. అచ్చునూ అంతే, ముందు వేడి చేసుకోవాలి. మా అచ్చు ఐయోవాలోని డూ-ఇట్ వాళ్ళది, అల్యూమినియం. చల్లటి అచ్చులో పోస్తే తల సగమే నిండుతుంది.

కుండ కుదురుకున్నాక మా ఆవిడ ఒకసారి షెడ్డుకి వచ్చింది, పాపను స్నేహితురాలి దగ్గర వదిలి. గంటసేపు తలుపు దగ్గర నిలబడి తెర మీది అంకెను చూసింది. ఆ వేడి దగ్గర సీసం ఆవిరి చాలా తక్కువని, అసలు భయం తెట్టు దుమ్ముతో, చేతులతో, బట్టలతో అని చెప్పాను. ఊడ్చడం లేదు, తడిగుడ్డతోనే తుడుస్తాను. ఈ పనికి వేరే చొక్కా, వేరే బూట్లు, అవి అక్కడే ఉంటాయి. సీసం వదిలించే ప్రత్యేకమైన సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, ఇంటికెళ్ళగానే స్నానం. అన్నీ విని, "ఆ డబ్బా పాడైతే?" అని అడిగింది. పాత థర్మోస్టాట్ చూపించాను. "అదీ పాడైతే?" ప్లగ్గు చూపించి, కుండ వేడిగా ఉన్నంతసేపు నేను ఇక్కణ్ణించి కదలను అన్నాను. దానికి తల ఊపింది.

పాపకి ఏడాది నిండాక రక్తపరీక్ష చేయించాం. అమెరికాలో డాక్టర్లు చూసుకునే గీత డెసీలీటరు రక్తానికి 3.5 మైక్రోగ్రాముల సీసం. మా పాపకు 1 కన్నా తక్కువ వచ్చింది. నాదీ చేయించుకున్నాను, ఏటా చేయించుకుంటున్నాను.

ఉత్తరాన చిన్న సరస్సులకు వెళ్ళేటప్పుడు మాత్రం సీసం తీసుకెళ్ళను. అక్కడ లూన్ అనే నీటిపక్షి ఉంటుంది. తెగిన చిన్న జిగ్‌ని మింగితే చచ్చిపోతుంది. ఇందుకే న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఒక ఔన్సు, అంతకంటే తక్కువ బరువుండే సీసపు జిగ్‌లు వాడకూడదు, అమ్మకూడదు. బిస్మత్, తగరం కలిపిన లోహం 138 డిగ్రీలకే కరుగుతుంది. సీసం కంటే తేలిక, ఖరీదు చాలా ఎక్కువ. దానికి 4 పౌండ్ల చిన్న కుండ వేరే కొన్నాను. సీసం అంటిన కుండలో దాన్ని కరిగించకూడదు.

ఆఫీసులో వాళ్ళు జిగ్‌లు చూసి అమ్మమంటారు. హెచ్1బి మీద ఉన్నవాడు తన కంపెనీకి తప్ప ఇంకెక్కడా పనిచేసి సంపాదించకూడదు. అందుకని ఊరికే ఇస్తాను. పుచ్చుకున్నవాళ్ళు చేపలు తెచ్చి ఇస్తారు. వాలై పులుసు బొమ్మిడాయల పులుసంత కాకపోయినా మామిడికాయ పడితే బాగుంటుంది.

పెద్దాయన కిందటి శరదృతువులో రిటైరయ్యాడు. షెడ్డు తాళం ఒకటి నా దగ్గరే ఉంచాడు. పాప రెండేళ్ళ పరీక్ష ఫిబ్రవరిలో అయింది, మళ్ళీ 1 కన్నా తక్కువే. మార్చిలో రెండు శనివారాలు పోసి, ఆయనకి రెండు వందల జిగ్‌లు డబ్బాల్లో పెట్టి ఇవ్వాలి. అచ్చు మూల ఒకటి సరిగ్గా నిండటం లేదు, ఈసారి దాన్ని కొవ్వొత్తి మసితో పొగబెట్టి చూస్తాను.