వారంటీలో ఉన్న కారు మిస్సింగ్ కొడుతోందా? ముందు కోడ్ చెరగనివ్వకండి

సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే జర్క్ ఇస్తుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. తీరా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఇంజిన్ నున్నగా ఆడుతుంది. "ఏమీ లేదు సార్, కోడ్ క్లియర్ చేశాం" అని తాళాలు చేతిలో పెడతారు. నాలుగు రోజులకు మళ్లీ అదే గోల. పెట్రోల్ కారు మిస్సింగ్‌ను (ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోవడాన్ని) వారంటీలో బాగు చేయించుకోవడంలో అసలు చిక్కు ఇదే. లోపం ఉండిపోతుంది, దాని రుజువు, అంటే కారు కంప్యూటర్‌లో నమోదైన తప్పు కోడ్, పోతుంది.

లైట్ నిలకడగా వెలుగుతుంటే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా సర్వీస్ సెంటర్ దాకా వెళ్లొచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి, రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌ని పిలవండి. సిలిండర్‌లో మండని పెట్రోలు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. ఆ వేడికి లోపలి సిరామిక్ కరిగి దారి మూసుకుపోతుంది. పైగా ఆ లైట్ పట్టించుకోకుండా నడిపారని తేలితే కన్వర్టర్ ఖర్చు మీ నెత్తిన వేయడానికి వాళ్లకు సాకు దొరుకుతుంది.

మిస్సింగ్‌ని (మిస్‌ఫైర్) ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) సెన్సర్ ద్వారా పట్టుకుంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ 180 డిగ్రీలు తిరిగినప్పుడల్లా, మూడు సిలిండర్లదైతే 240 డిగ్రీలకోసారి ఏదో ఒక సిలిండర్ మండి దాన్ని నెట్టాలి. ఆ నెట్టు తప్పినప్పుడు క్రాంక్ వేగం ఒక్క క్షణం తగ్గుతుంది, సెన్సర్ దాన్ని కనిపెడుతుంది. ఉదాహరణకు పీ0302 కోడ్ అంటే రెండో సిలిండర్ నెట్టలేదని మాత్రమే. ఎందుకు నెట్టలేదో కోడ్ చెప్పదు. కోడ్ చూసి నేరుగా కాయిల్ (ప్లగ్‌కి స్పార్క్ వోల్టేజ్ ఇచ్చే భాగం) మార్చేస్తే అది ఊహే. పీ0300 వస్తే తప్పు ఒక్క సిలిండర్‌కి పరిమితం కాలేదని అర్థం. అప్పుడు పెట్రోలు, గాలి లీకు లాంటి ఉమ్మడి కారణాలు ముందు చూడాలి.

కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా నమోదవుతుంది. తప్పు జరిగిన క్షణంలో ఆర్‌పీఎం, లోడ్ (ఇంజిన్ మీద భారం), కూలెంట్ వేడి, బండి వేగం, ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలు ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) ఎంతెంతున్నాయో అందులో ఉంటాయి. ఈ పేజీ బంగారం. బీఎస్6 కార్లన్నిటికీ స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు (స్కానర్ పెట్టే సాకెట్) ఉంటుంది. మామూలు బ్లూటూత్ స్కానర్ పెట్టి చదివి, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసుకోండి. క్లియర్ బటన్ జోలికి పోవద్దు, బ్యాటరీ టెర్మినల్ తీయొద్దు. రెండు పనులకూ ఈ సమాచారం చెరిగిపోవచ్చు.

ఆ అంకెలే దారి చూపిస్తాయి. లోడ్ ఎక్కువున్నప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ప్లగ్ గ్యాప్ దాటడానికి స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజ్ కావాలి. కాబట్టి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడే మిస్సయితే బలహీనపడ్డ కాయిల్, అరిగిన ప్లగ్ మొదటి అనుమానితులు. షార్ట్ (అప్పటికప్పటి), లాంగ్ (దీర్ఘకాలపు) ట్రిమ్‌లు కలిపితే మామూలుగా ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపు ఉంటాయి. ఐడిల్‌లో ప్లస్ 20 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర ప్లస్ 5కి దిగితే, థ్రాటిల్ తర్వాత ఎక్కడో గాలి లీకవుతోంది: ఇన్‌టేక్ గాస్కెట్, పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌కి పంపేది) చూడాలి. లోడ్‌తో పాటు ట్రిమ్ పెరుగుతుంటే ఫ్యూయల్ ప్రెషర్ కొలవాలి. పొద్దున చల్లటి స్టార్ట్‌లోనే కాసేపు మిస్సయి సర్దుకుంటుంటే కూలెంట్ ట్యాంకులో మట్టం మీద కన్నేయండి. హెడ్ గాస్కెట్ నుంచి సిలిండర్‌లోకి కారుతూ ఉండొచ్చు.

అక్కడి టెక్నీషియన్ చేత చేయించాల్సిన పరీక్ష స్వాప్ టెస్ట్. రెండో సిలిండర్ కాయిల్‌ని మూడో దానికి మార్చి, పాత కోడ్ రాసుకున్నాక క్లియర్ చేసి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉన్న పరిస్థితిలోనే, ఇంజిన్ బాగా వేడెక్కాక రోడ్ టెస్ట్‌కి వెళ్లాలి. పీ0303 వస్తే కాయిల్‌దే తప్పు. కాయిల్ చల్లగా ఉన్నప్పుడు కొలిచి, ఓమ్‌లు (నిరోధం) సరిగ్గా ఉన్నాయన్న మాట ఒప్పుకోవద్దు. వేడికి లోపలి ఇన్సులేషన్ తెగే కాయిల్ మీటర్‌కి దొరకదు. వారంటీ ఉండగా ఈ స్వాప్ ఇంట్లో మీరే చేయకపోవడం మంచిది. కనెక్టర్ లాక్ విరిగితే గొడవ అక్కడ మొదలవుతుంది.

కోడ్ రెండో సిలిండర్ మీదే ఉండిపోతే అదే పద్ధతిలో ప్లగ్ మార్చి చూడాలి. ప్లగ్ పింగాణీ మీద సన్నటి నల్ల గీత కనిపిస్తే స్పార్క్ బయట నుంచి జారిపోతోందన్నమాట. అప్పుడు కాయిల్ బూట్ (ప్లగ్ మీద కూర్చునే రబ్బరు తొడుగు) కూడా మార్చాలి, లేకపోతే కొత్త ప్లగ్ మీద అదే గీత మళ్లీ పడుతుంది. ప్లగ్ గుంతలో ఆయిల్ ఉంటే వాల్వ్ కవర్ సీల్ పోయినట్టు. బిగింపు టార్క్ రెంచ్‌తోనే జరగాలి. 12 మిల్లీమీటర్ల ప్లగ్‌కి సాధారణంగా 15 నుంచి 20 న్యూటన్ మీటర్లు.

తర్వాత ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మే భాగం), ఆ తర్వాత కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూడాలి. ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎక్కడ కారుతోందో చూసేది) అడగండి. గాలి థ్రాటిల్ దగ్గర బుసకొడితే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, కూలెంట్‌లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్.

కాయిల్, ఇంజెక్టర్, గాస్కెట్‌లలో తయారీ లోపం ఉంటే సాధారణంగా వారంటీలోకి వస్తాయి. ప్లగ్‌లు అరిగే సరుకు కింద లెక్క, చాలా కంపెనీలు ఇవ్వవు. ఎలుకలు కొరికిన వైరింగ్, బయట బిగించిన సీఎన్‌జీ కిట్ వల్ల వచ్చిన తేడా కూడా అంతే. "పెట్రోల్ కల్తీ" అన్నారనుకోండి, మీ ముందే ట్యాంకు నుంచి గాజు సీసాలోకి శాంపిల్ తీయమనండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లోకి నీళ్లు తగినంత చేరితే ఇథనాల్ ఆ నీళ్లతో కలిసి అడుగున వేరే పొరగా చేరుతుంది, కంటికే కనిపిస్తుంది. శాంపిల్ లేకుండా కల్తీ అంటే కారణం రాసివ్వమనండి. పెట్రోల్ బంక్ బిల్లులు దాచుకోవడం ఇక్కడే పనికొస్తుంది.

జాబ్ కార్డ్‌లో "ఇంజిన్ చెకప్" అని రాయనివ్వకండి. "వేడెక్కాక, ఎత్తు ఎక్కేటప్పుడు, 2000 ఆర్‌పీఎం దగ్గర జర్క్, పీ0302" అని రాయించి, కిలోమీటర్ రీడింగ్ వేయించండి. ఏమీ దొరకలేదన్నా సరే, ఆ మాట రాసిన కాగితం తీసుకోకుండా రాకండి. వారంటీ ముగిశాక అదే లోపం తిరగబెడితే, అది గడువులోనే మొదలైందని చూపించేది ఆ కాగితమే. వాళ్లు మొండికేస్తే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్, ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

రిపేరు అయిపోయాక ఒక్కటి గుర్తుంచుకోండి. కొన్ని వారాల తర్వాత పీ0420 (కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదన్న కోడ్) వస్తే, మిస్సింగ్ రోజుల్లో కన్వర్టర్ దెబ్బతిని ఉండొచ్చు. దాన్ని కొత్త ఫిర్యాదుగా రాయనివ్వకుండా పాత జాబ్ కార్డ్ నంబరు జతచేసి, దాని కొనసాగింపుగానే నమోదు చేయించండి.