మంచు కోసం వెళ్ళి అనపకాయలతో తిరిగి వచ్చాను

మా విజయవాడలో చలికాలం అంటే ఫ్యాను వేగం ఒక మెట్టు తగ్గించి పల్చటి దుప్పటి కప్పుకోవడమే కాబట్టి, మంచు కమ్మిన చెట్ల మధ్య నుంచి ఎండ చారలుగా దిగుతున్న ఫోటో ఒక్కటైనా సొంతంగా తీయాలన్న కోరిక కెమెరా కొన్ననాటి నుంచీ నాలో ఉండిపోయింది. నేను వృత్తిరీత్యా ఫోటోగ్రాఫరును కాను. వారమంతా బ్యాంకులో లెక్కలు చూసుకుని, ఆదివారం పూట కృష్ణ ఒడ్డున కనిపించిన మనుషులనూ కొంగలనూ తీసుకుని సంతృప్తిపడే మనిషిని. ఈ జనవరి మొదటి వారంలో నాలుగు రోజుల సెలవు దొరకగానే బెంగళూరు బసవనగుడిలో ఉంటున్న మా అక్కకు ఫోను చేసి, అక్కడ మంచు బాగా పడుతోందా అని అడిగాను. "నేను ఏడింటికి గానీ తలుపు తీయనురా, మంచు సంగతి పాలబ్బాయిని అడగాలి" అంది. ఆ జవాబును శుభసూచకంగానే తీసుకుని రాత్రి రైలు ఎక్కాను.

మొదటి ఉదయం లాల్‌బాగ్‌కు వెళ్ళాను. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టించిన ఆ తోట ఇప్పుడు 240 ఎకరాలు. అందులోని రాతిగుట్ట వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలని చెబుతారు. దాని మీద బెంగళూరు స్థాపకుడు కెంపేగౌడ పేరుతో చిన్న బురుజు ఉంది. ఆరున్నర దాటినా సూర్యుడు రాలేదు. మంచు మాత్రం నేను కోరుకున్నట్టే చెరువు వైపు నుంచి పల్చగా లేచి చెట్ల మొదళ్ళ దగ్గర నిలబడింది. గుట్ట మీద మంకీ క్యాపులు, మఫ్లర్లు, స్వెట్టర్లు వేసుకుని, కింద మాత్రం నిక్కర్లతో నడుస్తున్న పెద్దమనుషులను చూస్తే, ఈ ఊరి చలి నడుము పైభాగానికే పరిమితమా అనిపించింది.

వరుసగా ముప్పై ఫోటోలు తీసి, తెర మీద చూసుకుంటే అన్నీ బూడిద రంగులో, మాసిన పంచెల్లా ఉన్నాయి. తప్పు మంచుది కాదు, నాది. కెమెరాలోని కాంతిమాపకం ఎదురుగా ఉన్న దృశ్యమంతటినీ సగటున ఒక మధ్యస్థపు బూడిద రంగుగా ఊహించుకుని లెక్క కడుతుంది. తెల్లని మంచును చూపిస్తే దానిని కూడా బూడిద రంగుకే దించేస్తుంది. అందుకే మంచులో తీసేటప్పుడు కెమెరా చెప్పినదానికంటే ఒక స్టాపు ఎక్కువ వెలుగు, అంటే రెట్టింపు వెలుగు, ఇవ్వాలి. ఈ సంగతి పుస్తకంలో చదివాను, స్నేహితులకు చెప్పాను కూడా, కానీ పనికొచ్చే క్షణంలో గుర్తు రాలేదు. గుర్తొచ్చి సవరించుకునేసరికి ఎండ వచ్చేసింది. మంచు ఎటు పోయిందో తెలియకుండా పోయింది. మొత్తం మీద అది నిలిచింది పావుగంట.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నా దిగులు విని బావగారు నవ్వారు. "1884 జనవరి 13న ఈ ఊళ్ళో 7.8 డిగ్రీలకు పడిందయ్యా, నువ్వు కాస్త ఆలస్యంగా వచ్చావు" అన్నారు. ఇప్పుడు పదిహేనుకు దిగితే చాలు, ఊరంతా చలి గురించే మాట్లాడుకుంటుందట. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉండటం వల్ల ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుందని, ఆ చలికి నేలను అంటి ఉన్న గాలిలోని తేమ మంచుగా మారుతుందని, నేల వేడెక్కగానే కరిగిపోతుందని ఆయన వివరంగా చెప్పారు. అంతవరకు మౌనంగా వింటున్న బావగారి తల్లి, కోలారు జిల్లా శ్రీనివాసపురం వైపు ఆవిడ, ఒకే మాట అన్నారు. "చలిని ఫోటో ఎత్తాలంటే తోటలో ఏముంది నాయనా, మార్కెట్టుకు పో. పూలోళ్ళకూ కాయలోళ్ళకూ ఉండే చలి ఇంకెవురికుంటాది?"

మర్నాడు అయిదింటికల్లా కె.ఆర్. మార్కెట్టులో ఉన్నాను. 1928లో కట్టిన ఈ మార్కెట్టులో పూల అంగళ్ళు కింది భాగంలో ఉంటాయి. పై అంతస్తు అంచున నిలబడి చూస్తే బంతి, చామంతి రాసులు పసుపు, నారింజ రంగుల గుట్టల్లా, వాటి మధ్య మనుషుల తలలు మాత్రమే కదులుతూ కనిపిస్తాయి. కెమెరా ఉన్న ప్రతివాడూ అక్కడే నిలబడి అదే ఫోటో తీస్తాడు. నేనూ తీశాను, దాని గురించి చెప్పవలసింది ఏమీ లేదు. మెట్లు దిగి మధ్యలోకి వెళ్ళిన తరువాతనే అత్తయ్యగారి మాటకు అర్థం తెలిసింది. రాత్రంతా లారీల్లో వచ్చిన పూలబుట్టలు మంచు నీటితో తడిసి బరువుగా ఉన్నాయి, వాటిని తల మీద మోస్తున్న కూలీల మెడల వెంట ఆ నీరు కారుతోంది. ఒక మూల నలుగురు మనుషులు అట్టపెట్టెలు చించి మంట వేసుకుని, వేళ్ళు విప్పి దాని మీద చాపి కూర్చున్నారు. మాలలు కట్టే ఆమె ఒకరు ప్రతి పది ముళ్ళకు ఒకసారి చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చబరుచుకుని మళ్ళీ దారం అందుకుంటోంది. చలికి మల్లె దిగుబడి తగ్గిపోతుంది కాబట్టి ఉన్న కాస్త మల్లె దగ్గర బేరాలు గట్టిగా సాగుతున్నాయి. వెలుతురు బల్బులదే కనుక ఐ.ఎస్.ఓ., అంటే వెలుగును కెమెరా పట్టుకునే సున్నితత్వం, 3200కు పెంచుకోక తప్పలేదు. ఫోటోల్లో ఇసుక చల్లినట్టు గరుకు వచ్చింది గానీ, ఆ చోటుకు అది నప్పింది.

ఏడింటికి ఒక చిన్న హోటల్లో దూరాను. ఇద్దరు మనుషులు ఒక కాఫీని పంచుకుని తాగడాన్ని ఇక్కడ 'బై టూ' అంటారు. ఎదురు బల్ల దగ్గర ముసలాయన ఒకరు తన సగం కాఫీని వేడి పోకుండా రెండు అరచేతులతో మూసి పట్టుకున్నారు. కిటికీ వెలుగు ఆవిరి వెనుక నుంచి పడుతోంది, ఆయన వెనుక గోడ నల్లగా ఉంది. ఆవిరి ఫోటోకు అంతకంటే కావలసినది లేదు. కెమెరా ఎత్తగానే అంతా తెల్లబడింది. రెండు గంటలు బయట చల్లబడిన లెన్సు మీద వంటగది ఆవిరి చేరి పూర్తిగా కమ్మేసింది. లాల్‌బాగ్‌లో నాకు దక్కని మంచు మొత్తం అలా నా లెన్సు మీదనే దక్కింది. తుడుచుకునేలోపు ఆయన కాఫీ తాగి లేచి వెళ్ళిపోయారు.

బయట రోడ్డు వారన అనపకాయల రాశులు పోసి ఉన్నాయి. కన్నడంలో అవరెకాయి అంటారు. మన చిక్కుడు, ఇది ఒకే జాతి. మా కోస్తావాళ్ళకు పెద్దగా పరిచయం లేని కాయ, ఈ ప్రాంతానికి మాత్రం చలికాలమంటే ఇదే. తలకు తువ్వాలు చుట్టుకుని ఒక పెద్దామె తడిసిన కాయలను ఎగదోస్తూ తెలుగులోనే ఎవరినో తిడుతోంది. ఆ తెలుగు వినగానే ధైర్యం వచ్చి, ఫోటో తీసుకోనా పెద్దమ్మా అని అడిగాను.

"మొగం వద్దప్పా, తలదువ్వుకోలేదు. కాయలు ఎత్తుకో. రెండు కేజీలు తీసుకుంటే చేతులు గూడా ఎత్తుకో."

చింతామణి దగ్గరి పల్లె అట. తెల్లవారుజామున రెండింటికి టెంపోలో బయలుదేరి వచ్చిందట. కాయలు ఇంత తడిగా ఉన్నాయేమని అడిగితే, పట్నపువాడి అజ్ఞానానికి జాలిపడినట్టు చూసి, "మంచు పడితేనే గదప్పా కాయకు సొగడు" అంది. సొగడు అంటే ఈ కాయ తొక్క మీద జిడ్డులా ఉండే ఘాటైన వాసన. అది లేని కాయను ఇక్కడ ఎవరూ కొనరు. ఆమె వేళ్ళు ఆ జిడ్డుతో మెరుస్తున్నాయి, గోళ్ళ చుట్టూ చలికి చర్మం పగిలి ఉంది, కాయల మీద మంచుబొట్లు ఇంకా ఆరలేదు. 50 మిల్లీమీటర్ల లెన్సుతో ఆరు ఫోటోలు తీశాను. నాలుగు రోజుల్లో తొందరపడకుండా తీసినవి బహుశా ఆ ఆరే.

రెండు కేజీల కాయలతో ఇంటికి వెళితే, నా ఫోటోల కంటే వాటికే ఎక్కువ గౌరవం దక్కింది. అందరం కూర్చుని ఒలిచాం. గింజలను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే అత్తయ్యగారు ఒక్కొక్క గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కారు. పొట్టు చేతిలో ఉండిపోతుంది, లోపలి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. పితికి తీస్తారు కాబట్టి పితికపప్పు. ఆ ఎగిరే గింజను పట్టుకోవాలని సెకనులో వెయ్యో వంతు వేగంతో దాదాపు వంద ఫోటోలు తీసి ఓడిపోయాను. గింజ ఎప్పుడూ నా వేలి కంటే ముందే గిన్నెలో ఉంది. మధ్యాహ్నం ఆ పప్పు పులుసూ రాగి ముద్దా తిన్న తరువాత ఆ ఓటమి పెద్దగా బాధించలేదు.

మూడో రోజు కబ్బన్ పార్కులో గులాబిరంగు టబెబూయా చెట్లు చూశాను. బాగున్నాయి, పెళ్ళి ఫోటోల జంటలు ప్రతి చెట్టు కిందా ఉన్నాయి, త్వరగానే వచ్చేశాను. గాంధీబజారులో మాత్రం రెండు గంటలు గడిపాను. సంక్రాంతి దగ్గరపడటంతో చెరకు గడలు గోడలకు ఆనించి ఉన్నాయి; నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి, వేరుశనగ, వేయించిన శనగపప్పు కలిపిన 'ఎళ్ళు బెల్ల'ను దుకాణాల ముందు కుప్పలుగా పోసి అమ్ముతున్నారు. ఎండుకొబ్బరిని ఒకే కొలతలో చిన్న చిన్న ముక్కలుగా కోస్తున్న ఒక అమ్మాయి, నేను ఆమె కత్తినే చూస్తూ నిలబడటం గమనించి, వేలు తెగితే మీదే బాధ్యత అని కన్నడంలో హెచ్చరించింది. అక్కడే ఒక స్టూడియోలో పెద్దమ్మ చేతుల ఫోటోను అచ్చు వేయించాను.

బయలుదేరే రోజు ఉదయం మళ్ళీ మార్కెట్టుకు వెళ్ళాను. పెద్దమ్మ అదే చోట ఉంది. ఫోటోను అందుకుని, దూరంగా పెట్టి చూసి, పక్కామెకు చూపించి, "ఇవి నా చేతులేనా, ఇంత ముసలివైపోయినాయే" అంది. కాసేపాగి, "మొగం ఎత్తలేదా?" అని నన్నే నిలదీసింది. వద్దన్నది నువ్వే కదా పెద్దమ్మా అంటే ఒప్పుకోలేదు. తువ్వాలు విప్పి, జుట్టు సవరించుకుని, పైట సర్దుకుని, కాయల మధ్య నిటారుగా కూర్చుని "ఇప్పుడెత్తు" అంది. మొదటి ఫోటోలో కళ్ళు మూసుకుంది. రెండోదానిలో పాస్‌పోర్టు ఫోటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయింది. మూడోది తీయబోయేసరికి ఎవరో వచ్చి కేజీ ఎంత అని అడిగారు. నన్ను మరిచిపోయి, తక్కెడ అందుకుంటూ, అటు తిరిగి ధర చెప్పింది. నేను ఉంచుకున్నది ఆ మూడోదే.