ఎర్ర చీర కోసం ఎనిమిది క్యాన్ల నీళ్లు

నిన్న సాయంత్రం చీర ఆరింది. ఎరుపు. కుంకుమంత ఎరుపు కాదు, ఇటుక రంగూ కాదు. గోరింటాకు కడిగేసిన మర్నాడు అరచేతిలో కనిపించే ఎరుపు. దీనికోసం నాలుగు నెలల కాలం, ఆరు మీటర్ల గుడ్డ, ఒక మూలికల కొట్టాయనతో పదేళ్ల మంచి ఖర్చయ్యాయి.

సంక్రాంతి వెళ్లాక విజయవాడలో చెట్టు రంగులు వేయడం రెండు రోజుల్లో నేర్పిస్తామంటే రెండున్నర వేలు కట్టి వెళ్లాను. ముందు గుడ్డను ఉడికించాలి, తర్వాత కరక్కాయ, పటిక, చివర ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు. ఇంతేనా అనిపించింది. ఇంటికి రాగానే రెండు మీటర్ల కోరా నూలు గుడ్డ కోశాను. తూచితే 200 గ్రాములు ఉంది.

ఉడికించడం సులువే. కుంకుడు రసం, కాస్త బట్టల సోడా వేసి గంటసేపు మరిగిస్తే గంజీ జిడ్డూ పోతాయి. ఆరిన గుడ్డ మీద నీటి చుక్క వేస్తే నిలవకుండా ఇంకిపోవాలి. ఇంకిపోయింది.

కరక్కాయ దగ్గర మొదలైంది నా ఖర్మ. నూలుకు పటిక ఒక పట్టాన అంటదు. కరక్కాయ వగరు ముందు పోగులోకి చేరితే, దాని ఆసరాతో పటిక నిలుస్తుంది, పటిక ఆసరాతో రంగు నిలుస్తుంది. 40 గ్రాముల పొడి నీళ్లలో కలిపి గుడ్డను రాత్రంతా నానబెట్టాను. తెల్లారి తీసి చూస్తే బూడిద రంగు. కరక్కాయ కదా, ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. ఎందుకు అనుకున్నానంటే, శిక్షణలో ఆ పని మా ఎదుట చేయలేదు. టీవీ వంటల్లో ముందే వండిన కూర మేజా కింద నుంచి తీసినట్టు, కరక్కాయ పెట్టిన గుడ్డలు సంచిలోంచి తీసి పంచారు. అవి లేత పసుపులో ఉన్నాయి. కోరా గుడ్డ సహజంగా అలాగే ఉంటుందనుకున్నాను.

30 గ్రాముల పటిక పెట్టి, గుడ్డకు సమానమైన బరువు మంజిష్ఠ వేసి కాచాను. వచ్చిన రంగుకు పేరు లేదు. వంకాయ కూర మాడితే అడుగున మిగిలేదానికి దగ్గరగా ఉంది. మా అత్తగారు కొసను రెండు వేళ్లతో ఎత్తి చూసి, "బాగుందే, గిన్నెలు దించుకోవడానికి పనికొస్తుంది" అన్నారు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నారు. ఆ ముక్క ఇప్పటికీ పొయ్యి పక్కనే ఉంది.

రెండోసారి గిన్నె మార్చాను. శిక్షణ కాగితంలో ఉందని కరక్కాయలో గేదె పాలు కూడా పోశాను. ఎండలో ఆ గుడ్డ కంపుకు పక్కింటివాళ్లు కిటికీలు వేసుకున్నారు. (కలంతో గీసే గుడ్డకూ అచ్చు వేసే గుడ్డకూ రంగు పాకకుండా పాలు పెడతారు. ముంచి తీసే గుడ్డకు ఆ అవసరమే లేదు. ఇదీ చెప్పలేదు మహానుభావులు.) మళ్లీ అదే వంకాయ. నేర్పినవారికి ఫోను చేస్తే "కొందరి చేతికి రంగు రాదండీ" అన్నారు. పాతికేళ్లుగా ఆవకాయ పెడుతున్నాను, ఒక్క జాడీ బూజు పట్టలేదు. నా చేతికి రంగు రాదట!

ఆ కోపం కొట్టు మీద తీర్చుకున్నాను. మంజిష్ఠ పేరుతో ఏదో కట్టెపుల్లలు అంటగట్టావని నలుగురు వింటుండగా అరిచి, మిగిలిన పొట్లం బల్ల మీద పడేసి డబ్బు వెనక్కి తీసుకున్నాను. ఆయన మారుమాట అనకుండా ఇచ్చేశాడు. ఇంకో కొట్టులో రెట్టింపు ధరకు కొన్నాను. మూడో ముక్క మరింత నల్లగా వచ్చింది.

చివరికి మూడు ముక్కలూ సంచిలో వేసుకుని పెడన వెళ్లాను. మచిలీపట్నం పక్క ఊరే, కలంకారీ అద్దకానికి పేరున్న ఊరు. ఒక పెద్దాయన రాగి కాగు దగ్గర నిలబడి కర్రతో గుడ్డలు తిప్పుతున్నారు. నా ముక్కను వేళ్ల మధ్య నలిపి ఒక్కటే అడిగారు.

"నీళ్లెక్కడివమ్మా?"

"మా బోరువండీ."

"అవి తాగుతారా?"

"లేదండీ, తాగడానికి క్యాన్లు తెప్పించుకుంటాం."

ఆయన నవ్వి, పాత ఇనుమూ బెల్లమూ కుండలో రోజుల తరబడి ఊరబెట్టి తాము నల్లరంగు తీస్తామని, నాకు ఆ శ్రమ లేకుండా బోరులోనే వస్తోందని అన్నారు. కాగు చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయను.

ఇంటికి వచ్చి ఆయన చెప్పినట్టే రెండు గాజు గ్లాసులు పెట్టాను. ఒకదాంట్లో క్యాను నీళ్లు, రెండోదాంట్లో బోరు నీళ్లు. రెండింట్లోనూ చిటికెడు కరక్కాయ పొడి. మొదటిది పలచని టీలా పసుపెక్కింది. రెండోది చూస్తుండగానే అడుగు నుంచి నీలంగా కమ్ముకుంటూ, పలక కడిగిన నీళ్లలా నల్లబడింది. పూర్వం సిరా చేసింది ఇలాగే, వగరు కాయకు ఇనుము కలిపి. అసలు స్నానాల గది గచ్చు మీద తుప్పు చారలు ఇరవై ఏళ్లుగా రోజూ తోముతున్నది నేనే.

మీరు రంగు వేయదలిస్తే ఏ శిక్షణకూ వెళ్లకండి, ముందు ఈ రెండు గ్లాసులు పెట్టండి. ఉప్పు నీళ్లయినా, సున్నం నీళ్లయినా అంత భయం లేదు, ఇనుమే అసలు శత్రువు. సున్నం కాస్త ఉంటే మంజిష్ఠకు మంచిదే. శుద్ధి చేసిన క్యాను నీళ్లలో ముందు రంగు నారింజలా పలచగా తేలితే, రెండు చెంచాల సున్నపు తేట పోశాక ముదిరింది. మంజిష్ఠను తెర్లనివ్వక్కర్లేదు. ఆవిరి లేస్తుంటే చాలు.

అరకిలో చీరకు 20 లీటర్ల క్యాన్లు ఎనిమిది పట్టాయి. మా ఆయన లెక్క వేసి, ఈ డబ్బుతో పెడనలోనే చీర కొనుక్కోవచ్చు కదా అన్నారు. వినపడనట్టు ఊరుకున్నాను.

కొట్టుకు మొన్న వెళ్లాను. అరకిలో మంజిష్ఠ ఇమ్మన్నాను. ఆయన తూచి, పొట్లం కట్టి, "చూసుకోండమ్మా, కట్టెపుల్లలేమో" అన్నాడు. చిల్లర కూడా అడగకుండా వచ్చేశాను.

అన్నట్టు, చీర కొంగు దగ్గర జానెడు నల్ల గీత ఒకటి పడింది. పటిక పెట్టాక పెరటి తీగ మీద ఆరేశాను. తీగ తుప్పు పట్టి ఉంది.