ఇరవై సెకన్ల మాయ

సౌదీలోని పారిశ్రామిక నగరం జుబైల్‌లో అది నా మొదటి వేసవి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి నిబంధన. అందుకని మా పనికి అనుమతిచ్చే పర్మిట్లన్నీ తెల్లవారుజామునే.

ఒక పంపు ఫ్లో (ప్రవాహం) రీడింగ్ ఊరికే ఎగిరిపడుతోందని, అలారంతో చెవులు చిల్లులు పడుతున్నాయని కంట్రోల్ రూములో ఆపరేటర్ గోల. నేను హార్ట్ కమ్యూనికేటర్ (సెట్టింగులు మార్చే చేతి పరికరం) తగిలించి, ఒత్తిడి తేడాను బట్టి ప్రవాహాన్ని కొలిచే ట్రాన్స్‌మిటర్ డాంపింగును, అంటే రీడింగు ఎగుడుదిగుళ్ళను నెమ్మదింపజేసే సమయాన్ని, 0.4 సెకన్ల నుంచి 20కి పెంచాను. తెర మీద గీత ఇస్త్రీ చేసినట్లు నున్నగా వచ్చింది. ఆపరేటర్ నాకు టీ ఇప్పించాడు. నిజం చెప్పాలంటే కాస్త గర్వపడ్డాను కూడా.

రెండు రోజుల తర్వాత ప్రవాహం ఒక్కసారిగా తగ్గింది. పంపులో ప్రవాహం మరీ పడిపోకుండా కాపాడే మినిమం ఫ్లో వాల్వు తెరుచుకోవడం ఆలస్యమై, పంపు కంకర నమిలినట్లు మోగింది. దగ్గరున్నవాళ్ళు వెంటనే ఆపారు కాబట్టి సరిపోయింది.

మా ఫోర్‌మన్‌ది శ్రీకాకుళం వైపు. అందరం గురువు గారు అనే పిలిచేవాళ్ళం. కోప్పడలేదు, కాగితం తీశారు.

"ఒత్తిడి తేడా వంద నుంచి సున్నాకు పడిందనుకో. నువ్వు పెట్టిన ఇరవైతో, ఇరవై సెకన్లు గడిచాక కూడా ట్రాన్స్‌మిటర్ ఇంకా ముప్పై ఏడు ఉందనే చెబుతుంది. దాదాపు సున్నాకు దిగడానికి వంద సెకన్లు. పైగా కంట్రోల్ సిస్టంలో ఎవరో పెట్టిన ఫిల్టరు వేరే ఉంది, అదీ ఆలస్యమే. ఇంతకీ లైను బ్లీడ్ చేశావా?"

"లేదండీ."

లూపును (ఆ ఆటోమేటిక్ నియంత్రణను) మాన్యువల్‌లో పెట్టించి వెంట్ స్క్రూ కొద్దిగా వదిలాం. నీళ్ళకు ముందు బుసబుసమంటూ గాలి వచ్చింది. ఒత్తిడిని ట్రాన్స్‌మిటర్‌కు చేర్చే సన్న గొట్టంలో, అంటే ఇంపల్స్ లైనులో, ఇరుక్కున్న ఆ గాలే రీడింగును అన్నాళ్ళూ గెంతించింది. అది పోయాక 2 సెకన్ల డాంపింగే సరిపోయింది.

ఆ రాత్రి అమ్మ ఫోనులో "పని ఎలా ఉంది నాన్నా?" అంటే "ఏముందమ్మా, ఏసీ గదిలో కూర్చోవడమే" అన్నాను. ఎండకు పొక్కిన మెడ మీద తడిగుడ్డ వేసుకుని.

మర్నాడు గురువు గారు మార్పులు రాసే రిజిస్టరు తెరిపించారు. పాత విలువ 20, కొత్తది 2, కారణం: ఇంపల్స్ లైనులో గాలి, బ్లీడ్ చేశాం. రాసి సంతకం పెట్టాను. పై వరుసలన్నీ వెతికారు. 0.4ను 20 చేసిన రోజున నా రాత ఒక్క ముక్క కూడా లేదు.